పాట ఆగే చోటు

చెల్లెమ్మకు,

నీ మొదటి జానపద క్యాసెట్‌ను మళ్లీ విడుదల చేస్తున్నారట. పాటల్లో ఆగిన చోట్లన్నీ డ్రమ్ములతో నింపడానికి నువ్వు ఒప్పుకున్నావట. నేను ఒప్పుకోను.

అప్పట్లో ఆ క్యాసెట్‌ను ఎవరూ పట్టించుకోలేదు. "మీ చెల్లికి తాళం రాదయ్యా" అని మా చర్చిలో హార్మోనియం వాయించే ఆయన నా మొహం మీదే నవ్వాడు. అదే మాట పదిమందీ అనేసరికి నువ్వూ నమ్మేశావు. ఇప్పుడు పెద్ద గాయనివయ్యాక ఆ పాత గొంతంటే నీకు నామోషీ.

గుర్తు తెచ్చుకో. అమ్మ పాడుకుంటూ ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. తనో కొస, పిన్ని ఓ కొస పట్టుకుని పిండేటప్పుడు పాట ఆగేది. నీళ్లు కారేవి. "గట్టిగా తిప్పవే, అన్నం తినలేదా?" అని పిన్నిని కసిరి, అమ్మ మళ్లీ పాట ఎత్తుకునేది. ఆ క్యాసెట్‌లో నువ్వు అమ్మ ఆగిన చోటల్లా ఆగి పాడావు. అమ్మ మనకు మిగిలింది అక్కడే.

నేను బడికి పోయినవాణ్ని కాను. నాకు తెలిసింది బైబిలు వాక్యం ఒక్కటే. ఆరు రోజులు పనిచేసిన దేవుడు ఏడో రోజు ఆగాడు. ఖాళీగా ఉంది కదా అని ఆ రోజును ఎవరైనా డ్రమ్ములతో నింపారా?

శనివారం మీ స్టూడియోకి వస్తున్నాను. గేటు దగ్గర ఆపితే అక్కడే ప్రసంగం మొదలుపెడతాను, నా గొంతు సంగతి నీకు తెలుసు. బకెట్లో తడి దుప్పటి తెస్తాను. ఆ డ్రమ్ముల వాళ్ల ముందు నీ పాత పాట పెట్టించు. పాట ఆగగానే రెండో కొస నువ్వు పట్టుకో.

నీ అన్నయ్య