గొట్టంలో పేరుకున్న తెల్లరాయి

బావగారికి,

అక్కతో కబురు పంపితే మధ్యలో తను నలిగిపోతుందని నేరుగా రాస్తున్నాను.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో మీరు ఇంజనీరు, నేను గొట్టాలు బిగించేవాణ్ని. గొట్టాల్లో పేరుకున్న తెల్లరాయిని మేం నెలనెలా సుత్తులతో కొట్టి తీస్తే, అది లారీలో చెత్తకుప్పకి పోయేది. అది మంచి ఎరువని తేలాక, గొట్టాల్లో గట్టిపడకముందే దాన్ని పట్టుకునే తొట్టె కట్టుకున్నాం. ఇప్పుడా తొట్టెని పీకేయమని మీరు కమిటీకి కాగితం రాశారు.

"మురుగులోంచి తీసిందంటే జనం ముక్కు మూసుకుంటారోయ్" అన్నారు. జనం మీద నెపమెందుకు, మూసుకునేది మీ ముక్కే అయితే? ఎక్కడో కొండలు తవ్వి తెచ్చిన ఎరువుకి పీట వేసి, మన గొట్టంలో పుట్టినదాన్ని గుమ్మం బయట నిలబెడతారా?

మీ ఆఫీసు ముందు పచ్చిక ఉంది కదా. కుడిపక్క మీరు కొన్న ఎరువు వేయించారు. ఎడమపక్క మూడు నెలలుగా నేను ఈ రాతిపొడి చల్లుతున్నాను. చెప్పకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. మొన్న మీరు తోటమాలిని, "కుడిపక్క కూడా ఎడమపక్కలా పెంచలేవా?" అని కేకలేశారట.

సోమవారం కమిటీవాళ్లు ఆ కాగితం మీద సంతకాలు పెట్టే ముందు వాళ్లని ఆ పచ్చిక దగ్గరికి తీసుకొస్తాను. ఏ పక్కన ముక్కు మూసుకోవాలో మీరే చూపించండి.

మీ మాట వినని
బావమరిది