నాలుగు వేళ్ల ఎత్తు

సరోజా,

మొన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు ఆదోనికి వెళ్లి పాత వ్యాన్లు చూశాను. జాతరల్లో దుప్పట్లు అమ్ముకుంటూ, అంగడి వెనక టార్పాలిన్ కిందే మనం వండుకుని పడుకునేవాళ్లం. "సక్రాల మింద ఇల్లు ఒగటి కొనయ్యా, వంగి వంగి నడుము ఇరుగుతాంది" అనేదానివి.

ఒక వ్యాను బాగుంది. ఇంజను మంచిది. లోపల నిలబడితే నాకు తల తగల్లేదు. అప్పుడు తల మీద నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూశాను. నువ్వు నాకంటే అంత ఎత్తు. మన పెళ్లిలో అందరూ నవ్విన ఎత్తు అది. చేయి పైకప్పుకు తగిలింది.

"పక్కనుండే పెద్దది సూపించప్పా" అన్నాను.

"అది డీజిలు శానా తాగుతాదన్నా. దాంట్లో ఎంతమంది ఉంటారు?" అన్నాడు అమ్మే అతను.

"నేనొక్కన్నే."

"ఒంటి మనిసివి, అందులో పొట్టోనివి. నీకు అంత ఎత్తు ఎందుకన్నా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. పెద్దదే తీసుకున్నాను. ఎమ్మిగనూరుకు తెచ్చి ఇంటి ముందు నిలిపాను.

నువ్వు కొప్పు పెట్టుకున్నా పైకప్పు తగలదు.