కాచినా తాగొద్దు

సారెత్ మావా,

వచ్చీ రాగానే బోరు కుళాయి నీళ్ళు తాగకు. కాచినవి కూడా వద్దు. వాన నీళ్ళ బానలోవే తాగు, వాటితోనే అన్నం వండుకో.

పొద్దున పరీక్షకొచ్చినవాళ్ళు మన ఊరి బోరు నీళ్ళలో ఆర్సెనిక్ విషం ఉందన్నారు. "మేం కాచే తాగుతామయ్యా" అన్నాను. "కాస్తే క్రిములు చస్తాయి గానీ విషం పోదమ్మా" అన్నారు. అత్త అరచేతుల్లో ఆ గట్టి మచ్చలు దానివల్లేనేమోనట. ఇప్పుడే ఫ్నాంపెన్ ఆసుపత్రికి పడవెక్కుతున్నాం.

ఇన్నాళ్ళూ కాచి, చల్లార్చి, నా చేత్తోనే పోశాను మావా! అత్తేమో "నీకేం తెలుసే, ఏడవకు" అని నన్నే ఓదారుస్తోంది.

ఫల్లీ

మరిచాను, పక్కింటి సొఫాన్ కడుపుతో ఉంది. ఇందాక ఇంట్లో లేదు. నువ్వు కూర్చోకుండా ముందు పరుగున వెళ్ళి ఆమెకి చెప్పు.