దేవుడి గూట్లో లంగరేసిన బోటు

భవానీపూర్, జూలై 5

శ్రీమతి అప్పమ్మ గారికి,

నమస్కారం. మీ ‘గంగమ్మ తల్లి’ చేపల బోటు పొడవు నలభై ఎనిమిది అడుగులు, వెడల్పు పద్నాలుగు, ఇంజను నూట ఇరవై హార్స్‌పవర్. మా కంప్యూటరు ప్రకారం అది పన్నెండు రోజులుగా సంత్రాగాఛిలో మీ ఇంట్లో ఉంది. సంజాయిషీ ఇచ్చేదాకా వేటకు అనుమతి లేదు.

ఇట్లు,
రఘురాం, బోట్ల నిఘా ఆఫీసు

తా.క. శుక్రవారం బోటు కాళీబాడీ గుడి దాకా వెళ్లి వచ్చింది. వేగం గంటకు రెండు కిలోమీటర్లు. ఆ ఇంజనుకు ఇది మరీ తక్కువ.

సంత్రాగాఛి, జూలై 8

రఘురాం బాబుకి అప్పమ్మ దీవెనలు.

మా ఇల్లంతా కలిపి పన్నెండడుగులు. బోటు లోపలుంటే నానెక్కడున్నట్టు? మా ఆయన వెంకటేశు రేవులో ఆ బోటు మీదే కూకుని, ఇలిష్ చేపలు పక్కోళ్ల వలల్లో పడతంటే సూస్తన్నాడు. ఈ సీజను పోతే ఏడాది కూడు పోయినట్టే. మీ కంప్యూటరుకి కళ్లజోడు ఎట్టించండి.

ఇట్లు, అప్పమ్మ

తా.క. మంచం కింద కూడా ఎతికినాను. పాత సెప్పులు దొరికినాయి, బోటు లేదు.

భవానీపూర్, జూలై 11

అప్పమ్మ గారికి,

ఉపగ్రహం పొరబడదమ్మా. పైనుంచి మీ బోటును నిమిషనిమిషం చూస్తోంది. అంత బోటు ఇంట్లో ఎలా పట్టిందన్నది మీ సంసార విషయం. కొలతలు తీయడానికి మా లలిత్ వస్తున్నాడు. తేడా ఉంటే లైసెన్సు రద్దు.

ఇట్లు, రఘురాం

తా.క. పక్క నాలుగు బోట్లను చూసి నేర్చుకోండి. బుద్ధిగా నీళ్లలో ఉన్నాయి.

సంత్రాగాఛి, జూలై 15

రఘురాం బాబుకి,

మీ లలిత్ దాదా టేపుతో ఇల్లంతా కొలిచి, దేవుడి గూడు కాడ ఆగి ఒకటే నవ్వు. బోటుకి ఏ కొత్త వస్తువొచ్చినా మూడు శుక్రవారాలు పసుపూ కుంకం ఎట్టాలి, అది మా ఆచారం. మా ఆయనకి ఆచారమంటే ఎటకారం. అందుకే సెప్పకుండా మీ ఆఫీసోళ్లు బోటుకి కొత్తగా బిగించిన ఎర్ర దీపం డబ్బా ఊడదీయించి తెచ్చి, దాని జాగాలో నా టిపినీ డబ్బా ఎట్టి గుడ్డ కప్పినాను. కాళీబాడీకి పట్టుకెళ్లింది కూడా నానే. పైనుంచి బోటుని సూస్తన్నామని మీరే రాసినారు కదా, డబ్బాని సూస్తారని నాకేటి తెలుసు? మూడో శుక్రవారం అయిపోయింది, డబ్బా బోటెక్కింది. అనుమతి కాయితం ఎంటనే పంపండి.

ఇట్లు, మోకాళ్ల నొప్పితో గంటకు రెండు కిలోమీటర్లే నడవగల అప్పమ్మ

తా.క. ఆ బుద్ధిమంతుల నాలుగు బోట్లోళ్ల ఆడోళ్లు నిన్న వాళ్ల డబ్బాలు తెచ్చి నా గూట్లో ఎట్టినారు. వాటికీ మూడు శుక్రవారాలు పూజున్నాది. లలిత్‌ని మళ్లీ పంపితే టేపు అక్కర్లేదు, కొబ్బరికాయ తెమ్మనండి.