బొరుగుల్లో గాజు హంస

గురువారం రాత్రి

చెల్లెలు సరళ నెల్లూరులో మొదటిసారి బొమ్మల కొలువు పెడుతోంది. దానికి పంపడానికి అమ్మ గాజు హంసను ఇవాళ సర్దాను. మెడ మరీ సన్నం, అదే నా భయం. అమ్మ పోయాక దాచుకున్న ఆమె నూలు చీర చించి చుట్టాను. ఖాళీల్లో ఉప్పు లేని బొరుగులు పోశాను.

"దారిలో హంసకు ఆకలేస్తాదనా?" అన్నారు మా ఆయన.

"కదలకుండా పట్టుకుంటాయి. అమ్మ ఏటా ఇట్లనే దాసిపెట్టేది."

పెట్టె ఊపి చూశాను. చప్పుడు లేదు. అయినా ఫోన్లో సరళకు ఒకటే బెంగ.

"పగిలిపోతే యెట్లక్కా?"

"దానికి అమ్మ చీర చుట్టినాను. చీర పగలదు లేమ్మా."

అప్పుడు సరళ, పెట్టె ఎప్పుడు చేరుతుందని అడిగింది.

రేపు కొరియర్‌లో ఇవ్వాలి. చీరలో మిగిలిన సగం మడిచి నా దగ్గరే దాచుకున్నాను.