రాయి మీద పంతొమ్మిది

మొరే తీరం,
8 నవంబరు 1921

చిరంజీవి ఎల్స్పెత్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నానమ్మా బాగానే ఉన్నాం. ఒంటికేమీ లేదు గాని, కాలే ఒకచోట నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడుసార్లు లేచాను.

యార్మత్‌లో హెర్రింగ్ చేప బాగా పడుతోందని రాశావు, సంతోషం. ఉప్పుకి వేళ్ళు పుళ్ళు పడ్డాయన్నావు. గుడ్డపీలికలు ఇంకో రెండు చుట్లు చుట్టుకో. చేపలు కోసేటప్పుడు కబుర్లు తగ్గించు. నీ కత్తి కంటే నీ నోరు వేగమని నాకు తెలుసు.

యుద్ధంలో పోయినవాళ్ళ రాయి మీద తమ్ముడి పేరు చెక్కారా అని అడిగావు. నిన్నటికి సుద్దతో గీసి ఉంది. మీ పెదనాన్న కొడుకు ఏడమ్‌తో కలిసి వెళ్ళి చూశాను. వాడికీ తమ్ముడికీ తాతయ్య పేరే పెట్టాం కదా, తన పేరు రాయి మీద చూసుకుని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు.

"పిన్నీ, పంతొమ్మిదేళ్ళని రాశాడేంటి? వాడు పోయిన ఏడు పంతొమ్మిది నాకు గదా. మనోడికి పదహారేగా."

"సైన్యం వాళ్ళ లెక్క అది," అన్నాను.

"వాళ్ళ లెక్క తగలెయ్య. దిద్దించు."

రాయి చెక్కే ఆయన, "రేపు ఉలి పెడతా. ఏదో ఒకటి తేల్చి చెప్పమ్మా," అన్నాడు. రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

ఎల్సీ, పదిహేనేళ్ళవాణ్ణి సైన్యంలోకి ఎలా తీసుకున్నారని అయిదేళ్ళుగా అడుగుతున్నావు. ఆ సార్జెంటును నేను తిట్టని తిట్టు లేదు. పాపం, ఆయన మొదట "మీసం వచ్చాక రా" అని వాణ్ణి తిప్పి పంపాడు. మీ పెద్దమ్మ బైబిల్లోంచి పెద్ద ఏడమ్ పుట్టుక కాగితం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది నేనే. పేరు ఒకటే, ఊరు ఒకటే. ఎవరూ రెండోసారి చూడలేదు.

మీ నాన్నను సముద్రం మింగి అప్పటికి ఏడాది కాలేదు. వీడూ పడవ ఎక్కుతానంటున్నాడు. యుద్ధం నాలుగు నెలల్లో అయిపోతుందన్నారు. నేల మీద ఉంటే నా కొడుకు బతుకుతాడనుకున్నాను. సైన్యం వాళ్ళిచ్చిన గళ్ళ కిల్టు కట్టుకుని వాడు వీధి మలుపు తిరుగుతుంటే, గట్టెక్కాడులే అనుకున్నాను తల్లీ.

పొద్దున్నే వెళ్ళి పదహారని చెప్పాను. అటునుంచి అటే మీ పెద్దమ్మకు కాగితం సంగతి చెప్పాను. నా ముఖం మీదే తలుపు వేసింది.

నువ్వు రాయి చూడకముందే నా నోట వినాలని ఇది రాస్తున్నాను. వచ్చాక నాతో మాట్లాడకపోయినా సరే, ముందు వాడి దగ్గరికి వెళ్ళు. వాడి వయసు వాడికి ఇచ్చేశాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ