కరెంటు మెడమీద ఎర్ర గుర్తు

మిరప కల్లం నుంచి,
ఫిబ్రవరి 8

ప్రియమైన నా చిట్టితల్లి శిల్పకు,

నాన్న జక్రయ్య నులక మంచం మీద కూర్చుని, తనలో తను నవ్వుకుంటూ రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల బాగున్నాను. నా చెవుల సంగతి నీకు తెలుసు, ఫోన్లో నీ మాట కందిరీగల రొదలాగా ఉంటుంది. అందుకే ఈ సంతోషాన్ని కాగితం మీద పెడుతున్నాను.

అమ్మా, కరెంటు నా చేతికి వచ్చింది.

మూడేళ్ళుగా ఈ కల్లం కాస్తున్న కుక్క అది. ముట్టబోతే షాకు కొట్టినట్టు మీదికి వస్తుందని కూలీలు దానికి ఆ పేరు పెట్టారు. అన్నం పెట్టి నేను పది అడుగులు వెనక్కి వస్తేగాని గిన్నె దగ్గరికి వచ్చేది కాదు. అలాంటిది గురువారం పొద్దున కాయలు తిరగేస్తుంటే దానంతట అదే వచ్చి నా మోకాలికి తల ఆనించింది. కారం ఘాటుకి పగిలిపోయిన నా చేతులు ఒక్క వేలు వదలకుండా నాకింది. మీ అమ్మ పోయాక నా చేతులు పట్టుకున్నవాళ్ళు ఎవరమ్మా? కళ్ళనీళ్ళు వచ్చాయంటే నమ్ము.

పక్క కల్లం అంకారావు చూసి, “ఏం బాబాయ్, ఈ వయసులో సంబంధం కుదిరిందా?” అని వెక్కిరించాడు. అననీ.

ఇదంతా నీ చలవే. పశువుల ఆసుపత్రి నుంచి నువ్వు రైతుల కోసం రాసిన కుక్కల మాటల కాగితం పంపావు కదా, దాన్ని గంజితో రేకు తలుపుకి అంటించాను. మచ్చిక చేయడం, పిలిస్తే రావడం, మెచ్చుకోలు ముక్క పెట్టడం, అన్నీ రోజూ చదివి అలాగే చేస్తున్నాను. ఇప్పుడు నేను ఎటు వెళితే అటే వస్తోంది. అప్పుడప్పుడు లేని ఈగని పట్టబోయినట్టు గాలిలోకి నోరు కొడుతుంది, కాయలు ఆరబోసిన పట్టా అంచు నములుతుంది. ఆటలు నేర్చిందన్నమాట. క్రిస్మస్ ముందు పత్తి చేలో నక్కతో కలబడి మూతి చీల్చుకున్న వీరనారి ఇప్పుడు పసిపిల్ల అయిపోయింది. నువ్వు వచ్చి చూడాలి తల్లీ.

నీ ఆనందం పట్టలేని నాన్న,
జక్రయ్య

*

దర్శి,
ఫిబ్రవరి 12

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. రెండోసారి చదివాక నవ్వు రాలేదు.

ఆ కాగితానికి రెండు పక్కలా రాశాను నాన్నా. ముందు పక్క పెంపకం, వెనక పక్క జబ్బులు. నువ్వు దాన్ని తలుపుకి అంటించేశావు. వెనక ఉన్నది నువ్వు చదవనే లేదు. అందులో మొదటి మాట ‘ప్రవర్తనలో మార్పు’. మనుషులంటే పడని కుక్క ఉన్నట్టుండి ఒళ్ళోకి రావడం, లేని ఈగల్ని పట్టడం, తినేది కానిది నమలడం, గొంతు మారడం, దవడ వేలాడటం, చొల్లు కారడం. ఇవి పిచ్చికుక్క జబ్బు గుర్తులు. నక్క కరిచిన రెండు నెలలకైనా బయటపడుతుంది. బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా మందు లేదు.

సెప్టెంబరులో మన ఊరి పశువుల ఆసుపత్రి అస్లాం పెట్టిన టీకాల శిబిరంలో కరెంటుకి సూది పడిందనీ, మెడమీద ఎర్ర గుర్తు ఉందనీ నువ్వే రాశావు. నా ధైర్యమంతా ఆ గుర్తే. అయినా అడుగుతున్నాను. సూది పడటం నీ కళ్ళతో చూశావా?

దాన్ని ముట్టుకోవద్దు. గొలుసు వేసే ప్రయత్నం కూడా నువ్వు చేయవద్దు, దడి లోపల ఉంచి తలుపు వేసెయ్. చేతులు సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడుక్కో. అంకారావు అన్నయ్యకి మూడుసార్లు ఫోన్ చేశాను, కలవడం లేదు. మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకి వెళ్ళి ఉంటాడు.

వెంటనే జవాబు రాయి.
నీ శిల్ప

*

మిరప కల్లం నుంచి,
ఫిబ్రవరి 13

నా బంగారు తల్లి శిల్పకు,

నీ జవాబు ఇంకా అందలేదు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

కరెంటు ఇప్పుడు పాట పాడుతోంది. మొరుగుడు పోయి, సన్నగా సాగదీసి ఒక రాగం తీస్తోంది. నా చెవులకి కూడా వినపడిందంటే చూసుకో. ఊరి మీద తిరగడం మానేసి నా మంచం కిందే పడుకుంటోంది.

చిన్న ఇబ్బంది వచ్చింది, భయపడకు. రెండు రోజులుగా తినలేదు. నోరు మూయలేకపోతోంది, దవడ వేలాడేసి చొల్లు కారుస్తోంది. నీళ్ళ దాకా వెళ్ళి, మూతి పెట్టి, మింగలేక వెనక్కి వస్తోంది. ఆదివారం నేను పెట్టిన కోడి ఎముక గొంతులో అడ్డం పడిందని తెలిసిపోయింది. నిన్న ఒళ్ళో పడుకోబెట్టుకుని మణికట్టు దాకా చెయ్యి లోపలికి పెట్టి వెతికాను. ఇంతకు ముందైతే నా చెయ్యి మిగిలేదా? నోరు తెరుచుకుని నా వంకే చూస్తూ ఉంది పాపం. ఎముక దొరకలేదు. తీసేటప్పుడు పన్ను గీసుకుని రెండు వేళ్ళకి రక్తం వచ్చింది. కారం, సున్నం కలిపి అద్దాను. మన కల్లాల్లో అందరూ చేసేదే. భగ్గుమంది, విషమంతా మాడిపోయి ఉంటుంది.

నన్ను ఇంత నమ్మిన ప్రాణి ఇంకోటి లేదమ్మా. ఎముక దిగిపోగానే దానికి పాలన్నం పెడతాను.

నీ నాన్న,
జక్రయ్య

*

దర్శి,
ఫిబ్రవరి 16

నాన్నా,

నీ రెండో ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. సాయంత్రానికి అంకారావు అన్నయ్య ఫోన్ కలిసింది. పరుగున నీ దగ్గరికి వచ్చి అడిగాడట. కుక్కకి సూది పడింది, శిబిరంలోనే వేయించాను, అని నువ్వు నీ నోటితో చెప్పావట. ఆ మాట విన్నాకే నాకు ఊపిరి వచ్చింది. నిజంగా ఎముకేనేమో అనుకోవాలని ఉంది.

అయినా పన్ను గీరితే మనిషి సూది వేయించుకోవాల్సిందే. రేపే నిన్ను ప్రత్తిపాడు ఆసుపత్రికి తీసుకెళ్ళమని అన్నయ్యకి చెప్పాను. ఆ కారం కడిగెయ్. కారం విషాన్ని మాడ్చదు, గాయాన్ని పెద్దది చేస్తుంది.

ఇక్కడ గేదెలకి గాలికుంటు టీకాలు నడుస్తున్నాయి, శనివారం దాకా సెలవు లేదన్నారు. శనివారం మొదటి బస్సుకి నేను నీ దగ్గర ఉంటాను. అప్పటిదాకా దాని దగ్గరికి వెళ్ళకు. దణ్ణం పెడతాను.

నీ శిల్ప

*

ప్రత్తిపాడు ఆసుపత్రి బల్ల మీద నుంచి,
ఫిబ్రవరి 20

అమ్మా శిల్పా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. కరెంటు మంగళవారం పొద్దున చచ్చిపోయింది. చివరికి వెనక కాళ్ళు కూడా లేవలేదు. అంకారావు, నేను దూరం నుంచి చూస్తూ నిలబడ్డాం. అస్లాం చేతులకి తొడుగులు వేసుకుని వచ్చి, లోతుగా గొయ్యి తీయించి, సున్నం పోసి పూడ్చాడు.

ఆ తర్వాత రేకు తలుపు మీద నీళ్ళు చల్లి, నానబెట్టి, నీ కాగితం ఊడదీశాను. వెనక పక్క అక్షరాలు సగం రేకుకే అంటుకుపోయాయి. మిగిలిన సగం చాలు. నేను నీకు రెండు ఉత్తరాల్లో సంబరంగా రాసిందంతా నువ్వు అక్కడ ముందే రాసి ఉంచావు.

సోమవారం అంకారావు బండి తెచ్చి రమ్మన్నాడు. సూది పడ్డ కుక్కే కదా, పంట ఎత్తాక వెళదాంలే అని నేనే ఆపాను. కుక్క పోయాక కూడా బుధవారమంతా కాయల మధ్యే కూర్చున్నాను. ఎందుకో చెబుతాను. నోటితో నీకు చెప్పలేను.

శిబిరం రోజు కరెంటు ఎవరికీ చిక్కలేదు. టీకా పడ్డ కుక్కలకి మెడమీద ఎర్ర రంగు వేస్తామనీ, రంగు లేనివాటిని కల్లాల నుంచి పట్టుకుపోతామనీ పంచాయతీ మైకులో చెప్పారు. మిరప బస్తాల మీద మన పేరు గుర్తు వేసే రంగు డబ్బా నా దగ్గర ఉంది కదా. పొడుగాటి కర్రకి కుంచె కట్టి, అది అన్నం తింటుండగా పది అడుగుల నుంచి మెడమీద పూశాను. పక్క ఊరి శిబిరంలో వేయించానని అస్లాంకి చెప్పాను. శిల్ప వాళ్ళ నాన్న కదా అని అతను మారుమాట అడక్కుండా పుస్తకంలో రాసుకున్నాడు. నీకూ అదే రాశాను. నువ్వు సంతోషపడ్డావు. ఆ అబద్ధం నాకే నిజమైపోయింది.

ఈ పొద్దున అస్లామే నన్ను బండి మీద ఇక్కడికి తెచ్చాడు. డాక్టరమ్మ నా చెవి దగ్గరికి వంగి గట్టిగా, “కుక్కకి టీకా పడిందా పెద్దాయనా?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అస్లాం, “పడింది మేడమ్, నా పుస్తకంలో ఉంది,” అన్నాడు. అతని పెదాల మీద ఆ మాట చూశాను. నేను తల ఊపితే చాలు. అతని ఉద్యోగానికి మాట రాదు, నీ ముందు నా పరువు పోదు. తల ఊపబోయాను కూడా, నీ దగ్గర దాచడమెందుకు. అప్పుడు నా వేళ్ళు చూసుకున్నాను.

“లేదమ్మా. ఆ రంగు నేను పూసింది,” అన్నాను.

అస్లాం నా మొహం చూడలేదు. డాక్టరమ్మ మందు పెట్టెలోంచి ఇంకో సీసా కూడా తీసింది. గాయం చుట్టూ పొడిచే సూది అట అది, మామూలు దానితో పాటు వేయాలట. వేళ్ళలో పొడుస్తుంటే ప్రాణం పోయినంత పని అయింది. కదలకుండా నా చెయ్యి అదిమి పట్టుకుంది అస్లామే. తర్వాత బయటికి వెళ్ళి, మన కల్లాల్లో ఎర్ర గుర్తున్న కుక్కలన్నిటినీ మళ్ళీ పట్టాలని ఫోన్లో ఎవరికో చెబుతున్నట్టు అనిపించింది.

ఎనిమిది రోజులు పోగొట్టుకున్నానని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు సూది మందు ముందు చేరుతుందో, ఒంట్లోకి దిగిన విషం ముందు మెదడుకి చేరుతుందో అన్నాను. మందే ముందు చేరాలని పరిగెత్తిద్దాం అంది. చేరుతుందని మాత్రం మాట ఇవ్వలేదు. ఐదు సూదులు, మార్చి ఇరవై దాకా. ఆ తర్వాత కూడా నెలల తరబడి కనిపెట్టి ఉండాలట.

ఈ ఉత్తరాన్ని దర్శి బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను, సాయంత్రానికి అందుతుంది. శనివారం దాకా ఆగకు తల్లీ, వచ్చేయ్. ఐదు సూదులకీ నా పక్కనే ఉండు. సూది పడిందా అని నన్ను అడగొద్దు. జబ్బ మీద చొక్కా ఎత్తి, నీ కళ్ళతో నువ్వే చూసుకో.

నీ ఎదురుగా నిలబడటానికి సిగ్గుపడుతూనే నీ కోసం చూసే
నాన్న